ఆగి ఉన్న గాలిమర చెడిపోయినట్టేనా?

పోయిన నెల ఈ శీర్షికలో ఒక చిన్న పవన విద్యుత్ కేంద్రం గురించి రాశాను. ఒక గట్టు మీద వరసగా ఆరు గాలిమరలు, ఒక్కొక్కటి రెండు మెగావాట్లది. వాటి బాగోగులు చూస్తూ గడిపిన పద్నాలుగేళ్ల ఉద్యోగం గురించి చెప్పాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. చాలా సంతోషం వేసింది. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు కాబట్టి ఎక్కువమంది అడిగినవీ, నన్ను కాసేపు ఆలోచనలో పడేసినవీ ఏరుకుని జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: ఫ్యానుకు కరెంటు ఇస్తే గాలి వస్తుంది. గాలిమరకు గాలి తగిలితే కరెంటు వస్తుంది. అంటే గాలిమర తిరగేసిన ఫ్యానేనా? అసలు ఏదైనా తిరిగితే కరెంటు ఎందుకు పుట్టాలి?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని

జవాబు: సూత్రం వరకు నువ్వన్నది నిజమే తల్లీ. రాగి తీగ చుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే ఆ తీగలో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఇవాళ్టికీ చాలా విద్యుత్ కేంద్రాల్లో జరిగేది అదే. నీళ్లు తిప్పినా, ఆవిరి తిప్పినా, గాలి తిప్పినా చివర్లో ఉండేది తీగచుట్ట, దాని పక్కన తిరిగే అయస్కాంతం.

ఇంతవరకు నీ పుస్తకంలోనూ ఉంటుంది. అందులో ఉండని సంగతి ఒకటి చెప్తాను, దీన్ని నువ్వే చేసి చూడొచ్చు. డైనమో ఉన్న పాత సైకిల్ దొరికితే, డైనమోను టైరుకు ఆనించి, దీపానికి వెళ్లే తీగ ఊడదీసి తొక్కు. తర్వాత తీగ తగిలించి తొక్కు. డైనమో రెండుసార్లూ టైరుకు ఆనే ఉంది. కానీ దీపం వెలిగినప్పుడు పెడల్ కాస్త బరువెక్కుతుంది. కరెంటు తీసుకుంటున్నకొద్దీ అయస్కాంతం తిరగడానికి మొరాయిస్తుంది. ఆ మొరాయింపును దాటి తిప్పడానికి నీ కాళ్లు ఎంత పని చేస్తాయో అంతే దీపానికి అందుతుంది, అందులోనూ కొంత దారిలో వేడిగా పోతుంది. ఊరికే తిరిగినంత మాత్రాన కరెంటు రాదు. బరువు మోస్తూ తిరగాలి. ఈ బరువు మాట గుర్తుపెట్టుకో, కింద ఇంకో జవాబులో దీనితో పనుంది.

గాలిమరలో పెడల్ తొక్కేది గాలి. అయితే తలుపును తోసినట్టు రెక్కను తోస్తుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. రెక్కను అడ్డంగా కోసి చూస్తే విమానం రెక్కలాగే ఉంటుంది, ఒక పక్క ఉబ్బుగా, ఒక పక్క చదునుగా, వెనక అంచు సన్నగా. దాన్ని ఒరుసుకుంటూ పోయే గాలి దారి మళ్లుతుంది. ఉబ్బు పక్క ఒత్తిడి తగ్గి రెక్క అటువైపు లాక్కుపోతుంది. విమానాన్ని పైకి లేపే బలం ఇదే. ఇక్కడ రెక్క ఒక చివర హబ్‌కు, అంటే రెక్కలన్నీ కలిసే నడిమి కుదురుకు, బిగించి ఉంది కాబట్టి ఆ బలం దాన్ని గుండ్రంగా తిప్పుతుంది.

టవర్ మీద పెట్టెలాంటి గది ఉంటుందే, దాన్ని నాసెల్ అంటారు. అందులో ముందు పక్క ఉండే ఇరుసు రెండు చేతులా కౌగిలించుకునేంత లావు. నిమిషానికి పదహారు చుట్లు తిరుగుతుంది, అంతే. అది గేర్‌బాక్స్‌లోకి వెళ్తుంది. అవతలి పక్క నుంచి సన్నటి ఇరుసు బయటికి వచ్చి నిమిషానికి దాదాపు పదిహేను వందల చుట్లతో జనరేటర్‌ను తిప్పుతుంది. ఆగి ఉన్నప్పుడు రెండు ఇరుసుల మీదా సుద్దముక్కతో గీత గీసి పెట్టేవాణ్ని. తిరగడం మొదలయ్యాక ముందు గీత తీరిగ్గా పైకొచ్చి కిందికి పోయేది, ప్రతి చుట్టూ లెక్కపెట్టొచ్చు. వెనక గీత క్షణంలో మాయమై ఇరుసంతా లేత తెల్లగా కనిపించేది. గేర్‌బాక్స్ ఏం చేస్తుందని కొత్తగా చేరినవాళ్లు అడిగితే ముందు ఆ రెండు గీతలే చూపించేవాణ్ని. ఇప్పుడు గేర్‌బాక్స్ లేకుండా, పెద్ద చక్రంలాంటి జనరేటర్‌ను రెక్కలే నేరుగా తిప్పే మరలు కూడా ఉన్నాయి.

మా మరల్లో జనరేటర్ నుంచి 690 వోల్టుల దగ్గర కరెంటు వచ్చేది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 33,000 వోల్టులకు పెంచేది. అక్కణ్నుంచి భూమిలో వేసిన కేబుల్ మీద, ఆరు మరలదీ కలిసి సబ్‌స్టేషన్‌కు చేరేది. వోల్టేజి పెంచకపోతే దారిలోనే చాలా కరెంటు తీగను వేడి చేయడానికి సరిపోతుంది.

ప్రశ్న: అంత నెమ్మదిగా తిరిగేవి అంత కరెంటు ఇస్తాయంటే నమ్మబుద్ధి కావడం లేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: నెమ్మది మన కంటికే. మా రెక్క పొడవు హబ్‌తో కలిపి 40 మీటర్లు. దాని కొస ఒక్క చుట్టు తిరగాలంటే 250 మీటర్లు ప్రయాణం చేయాలి. నిమిషానికి పదహారు చుట్లంటే గంటకు 240 కిలోమీటర్ల వేగం. దూరం నుంచి చూస్తాం, పైగా అంత పెద్దది, అందుకే బద్ధకంగా తిరుగుతున్నట్టు ఉంటుంది. దాని కింద నిలబడి చూడండి. ఒక్కో రెక్క టవర్‌ను దాటినప్పుడల్లా 'హుష్' మని వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్నాక దాన్ని ఎవరూ నెమ్మది అనరు.

ప్రశ్న: రైల్లో వెళ్తూ గాలిమరలు చూశాను. ఆరేడు ఉంటే అందులో మూడు ఆగిపోయి ఉన్నాయి. ఎంతో ఖర్చుపెట్టి కట్టినవి అలా పాడుపడి ఉంటే మీలాంటివారికి బాధ కలగదా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, ఇలాంటి ఉత్తరాలు పదకొండు వచ్చాయి. ఈ నెలకు ఇదే అసలు ప్రశ్న అనుకుని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు గాలి లెక్క చూద్దాం. మా రెక్కలు తిరిగితే ఏర్పడే వలయం 80 మీటర్ల అడ్డకొలత. సెకనుకు 8 మీటర్ల వేగంతో గాలి వీస్తుంటే ఆ వలయంలోంచి ఒక్క సెకనులో దాదాపు 49 టన్నుల గాలి పోతుంది. గాలికి బరువేమిటి అనుకుంటాం గానీ, ఘనపు మీటరుకు కిలో పైచిలుకు తూగుతుంది. ఇప్పుడు గాలి వేగం రెట్టింపయిందనుకోండి. సెకనులో వలయం దాటే గాలి రెట్టింపవుతుంది. అందులో ప్రతి కిలో గాలి మోసుకొచ్చే శక్తి నాలుగు రెట్లవుతుంది. మొత్తం ఎనిమిది రెట్లు. వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మా మర సెకనుకు 8 మీటర్ల గాలిలో 670 కిలోవాట్ల దాకా ఇచ్చేది. 4 మీటర్ల గాలిలో 65 దగ్గరే నిలిచేది. అంతకన్నా తగ్గితే దాన్ని తిప్పడానికే ఆ శక్తి చాలదు, అప్పుడు ఆపేయడమే మంచిది.

ఆ వచ్చే శక్తిలోనైనా మొత్తం తీసుకోలేం. అంతా పిండేస్తే రెక్క వెనక గాలి కదలకుండా నిలిచిపోయి, ఆ తర్వాత వచ్చే గాలికి అడ్డం పడుతుంది. కొంత వదిలేస్తేనే కొంత అందుతుంది. ఎంత మంచి మర కట్టినా 59.3 శాతం దాటి తీయలేమని 1920లో ఆల్బర్ట్ బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త లెక్కగట్టి చూపించాడు. నిజమైన మరలు గాలి బాగున్న వేళ నలభై శాతం పైన తీస్తాయి. నా దృష్టిలో అది గొప్ప సంగతి.

గాలి మరీ ఎక్కువైనా ఆపాల్సిందే. సెకనుకు 25 మీటర్లు, అంటే గంటకు 90 కిలోమీటర్లు దాటితే మరను ఆపేస్తారు. అంతకు చాలా ముందే, పూర్తి రెండు మెగావాట్లు అందిన దగ్గర్నుంచీ, రెక్కలు తమ ఇరుసు మీద కొంచెం కొంచెం పక్కకు తిరిగి మిగతా గాలిని జారవిడుస్తాయి.

మరి పక్కది తిరుగుతుంటే ఇది ఎందుకు ఆగిందని మీ సందేహం. ముందున్న మర గాలిని వాడుకున్నాక వెనకదానికి బలం తగ్గిన, సుడులు తిరిగే గాలి మిగులుతుంది. అందుకే గాలి ఎక్కువగా వీచే దిక్కులో మరకూ మరకూ మధ్య వలయం అడ్డకొలతకు అయిదు నుంచి తొమ్మిది రెట్ల దూరం వదులుతారు. అంత వదిలినా తేడా కొంత ఉంటుంది. పలచటి గాలి రోజుల్లో ముందుది తిరుగుతుంది, వెనకది ఆగుతుంది.

ఇంకో కారణం చెప్తే కొత్తవాళ్లు ఆశ్చర్యపోయేవారు. గాలి దిక్కు మారితే మోటార్లు నాసెల్‌ను అటువైపు తిప్పుతాయి. దాంతోపాటు టవర్‌లోకి వేలాడే కరెంటు కేబుళ్లూ మెలి తిరుగుతాయి. ఒకే వైపు మూడు నాలుగు చుట్లు పడితే మర తనంతట తాను ఆగి, నాసెల్‌ను వెనక్కి తిప్పుకుని, మెలి విప్పుకుని, మళ్లీ గాలికి ఎదురు నిలుస్తుంది. టవర్ లోపల నిచ్చెన మీద ఉండి ఒకసారి అది చూశాను. తాడులా పెనవేసుకున్న నల్లటి కేబుళ్లు తల పైన మెల్లగా విడిపోతూ, ఒక్కొక్కటిగా నిటారుగా వేలాడసాగాయి. సరిగ్గా ఆ సమయానికి మీ రైలు అటు వెళ్తే, పాడైన మర అని మీరు అనుకుని ఉంటారు.

నన్ను నిజంగా బాధపెట్టింది ఆగిన మర కాదు మాస్టారూ, తిరుగుతున్న మర. మా నాలుగో నంబరు ఒక ఏడు చక్కగా తిరుగుతూనే పక్కవాటికన్నా తక్కువ యూనిట్లు ఇవ్వసాగింది. రోజూ తేడా కొద్దికొద్దిగానే ఉండేది, ఏడెనిమిది శాతం. గాలిలో తేడాలే అనుకున్నాను. మూడు నెలల అంకెలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు గానీ అనుమానం బలపడలేదు. పైకెక్కి చూస్తే, నాసెల్ మీద గాలి దిక్కు చూపే చిన్న తోకముక్క ఉంటుంది, దాని నట్టు వదులై అడుగుభాగం పక్కకు తిరిగిపోయింది. గాలి ఇటు నుంచి వస్తుంటే అటు నుంచి వస్తోందని అది చెప్తోంది. పాపం, మర దాని మాట నమ్మి మూడు నెలలు పదిహేను డిగ్రీలు పెడగా నిలబడింది. అరచేతిలో పట్టే ముక్క అది. సరిచేసి బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ముందే అంకెలు చూసి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ తర్వాత ఏ రోజూ ఆరు మరల అంకెలు పక్కపక్కన రాసుకోకుండా ఇంటికి వెళ్లలేదు.

ఇలా ఆగడం, తగ్గడం అంతా పోను ఏడాదికి ఎంత అంటారా? మంచి చోట కట్టిన కేంద్రం, ఏడాది పొడవునా పూర్తి బలంతో నడిస్తే ఇచ్చేదాంట్లో పాతిక నుంచి నలభై శాతం ఇస్తుంది. ముప్ఫై అనుకుంటే మా ఆరు మరలకు మూడు కోట్ల 15 లక్షల యూనిట్లు. అవి ఆగే రోజులన్నీ ఆ లెక్కలో ముందే ఉన్నాయి.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు గాలిమరలు కూడా ఆగిపోతాయని విన్నాను. గాలి ఉంది, మర ఉంది, కరెంటు తయారుచేసేది అదే. మరి దానికి కరెంటు పోవడం ఏమిటి?
– ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్న పాఠకుడు

జవాబు: పైన ఆ అమ్మాయికి చెప్పిన సైకిల్ బరువు ఇక్కడ పనికొస్తుంది. జనరేటర్ నుంచి తీసుకునే కరెంటే రెక్కల మీద బ్రేకులా పనిచేస్తుంది. గ్రిడ్, అంటే ఊళ్లనూ కేంద్రాలనూ కలిపే కరెంటు తీగల వల, పోయిందంటే ఆ బరువు ఒక్క క్షణంలో మాయం. గాలి మాత్రం అలాగే తోస్తుంటుంది. గట్టిగా లాగుతున్న తాడు చటుక్కున తెగితే మనిషి ఎలా వెనక్కి పోతాడో, రెక్కలు అలా వేగం అందుకుంటాయి. వదిలేస్తే మర ముక్కలైపోతుంది. అందుకే రెక్కలు వెంటనే తొంభై డిగ్రీల దాకా తిరిగి గాలికి అంచు చూపిస్తాయి. అలా తిప్పడానికి గ్రిడ్ మీద ఆధారపడకూడదు కాబట్టి హబ్‌లోనే బ్యాటరీలో, ఒత్తిడిలో నిలవ ఉంచిన హైడ్రాలిక్ ఆయిలో సిద్ధంగా ఉంటుంది.

ఒక రాత్రి, గాలి బాగా ఉన్నప్పుడు, కింద కంట్రోల్ రూములో ఉండగా గ్రిడ్ పోయింది. లైట్లు ఆరాయి. చీకట్లో బయటికి పరుగెత్తాను. ఆరు మరల హోరు ఒక్కసారి పెరిగినట్టయి, వెంటనే తగ్గుతూ తగ్గుతూ నిమిషం లోపే మామూలు గాలి చప్పుడు మిగిలింది. కొత్తలో కదా, చాలా టెన్షన్ పడ్డాను. ఆరూ క్షేమంగా ఆగాయని టార్చి వేసి చూసుకున్నాకే కూర్చోగలిగాను.

ఇక పక్క ఊరికైనా సొంతంగా ఇవ్వొచ్చు కదా అంటే, మామూలు మరలు గ్రిడ్‌లో కరెంటు అటూఇటూ ఊగే తాళానికి తాళం కలిపి నడిచేవి. తాళం వేసేవాళ్లు లేకపోతే అవి పాడలేవు. సొంతంగా తాళం వేయగల ఇన్వర్టర్లు, పక్కన బ్యాటరీలు ఉంటే ఆ పని చేయొచ్చు, అవి ఇప్పుడిప్పుడే పెరుగుతున్నాయి.

ప్రశ్న: మొదటి గాలిమర కరెంటు ఎవరు తీశారు?
– చరిత్ర విద్యార్థి

జవాబు: స్కాట్లండ్‌లో జేమ్స్ బ్లిత్ అనే ప్రొఫెసర్. 1887లో మేరీకర్క్ అనే ఊళ్లో తన సెలవుల ఇంటి తోటలో గుడ్డ తెరచాపలతో ఒక మర కట్టి, బ్యాటరీలు నింపి, ఇంట్లో దీపాలు వెలిగించుకున్నాడు. మిగిలిన కరెంటుతో ఊరి వీధికి దీపాలు పెడతానంటే, అది దెయ్యం పని, మాకొద్దు అన్నారట జనం. ఆ మాట చదివినప్పుడల్లా ఆయన ఆ సాయంత్రం ఏమనుకుని ఇంటికి వెళ్లాడో అనిపిస్తుంది.

మరుసటి ఏడు అమెరికాలో క్లీవ్‌లండ్‌లో చార్లెస్ బ్రష్ 17 మీటర్ల అడ్డకొలతతో, 144 దేవదారు చెక్క రెక్కలతో పెద్ద మర కట్టాడు. అంత చేసీ అది ఇచ్చింది 12 కిలోవాట్లు. రెక్కలు తక్కువగా ఉండి వేగంగా తిరిగితేనే కరెంటుకు మంచిదని తేల్చింది డెన్మార్క్‌లోని అస్కోవ్ బడిలో పాఠాలు చెప్పిన పౌల్ లా కూర్. 1891లో ఆయన మొదటి మర కట్టాడు. గాలి లేనప్పుడు ఎలా అన్న ప్రశ్న అప్పుడే ఆయనకు వచ్చింది. కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ నిలవచేసి, దానితో బడిలో దీపాలు వెలిగించాడు. ఇప్పుడు కొత్త సంగతిగా చెప్పుకుంటున్న హైడ్రోజన్ ఇదే!

ఆయన శిష్యుడు యోహానెస్ యూల్ 1957లో గేడ్సర్ దగ్గర కట్టిన మూడు రెక్కల మర పదేళ్లు నడిచింది. మా మరల పోలికలన్నీ దానివే. ఇక చాలా మరల్ని ఒకచోట పెట్టి కేంద్రంలా నడపడం 1980లో అమెరికాలో, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని క్రాచెడ్ మౌంటెన్ మీద మొదలైంది. ఇరవై మరలు, ఒక్కొక్కటి 30 కిలోవాట్లు. ఆ ఇరవై కలిపినా మా ఒక్క మరలో మూడో వంతు కాదు.

ప్రశ్న: మా డాబా మీద చిన్న గాలిమర పెట్టించుకోవచ్చా?
– ఇద్దరు ముగ్గురు పాఠకులు

జవాబు: చాలామందికి వద్దనే చెప్తాను. ఇళ్ల మధ్య గాలి తక్కువ, ఉన్నదీ గోడలకు కొట్టుకుని సుడులు తిరుగుతుంది. రెండు మీటర్ల అడ్డకొలత ఉన్న మరకు సెకనుకు 4 మీటర్ల గాలి నిలకడగా తగిలినా వచ్చేది ముప్ఫై నలభై వాట్లు. పైగా దాని అదురు స్లాబులోకి దిగుతుంది. చుట్టూ అడ్డులేని మైదానంలో ఎత్తయిన స్తంభం మీద అయితే సంగతి వేరు. అప్పుడైనా ముందు ఒక ఏడాది గాలి కొలిచాకే కొనండి. అమ్మేవాళ్లు చెప్పే వాట్లు ఏ గాలి వేగానికో తప్పకుండా అడగండి.

ప్రశ్న: వాటి ఆయుష్షు ఎంత?

జవాబు: ఇరవై నుంచి పాతికేళ్లు. ఇనుము, రాగి కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. గాజునార, రెసిన్‌తో చేసిన రెక్కలే ఇబ్బంది, వాటిని తిరిగి వాడే పద్ధతులు ఇంకా విరివిగా రాలేదు.

ప్రశ్న: గాలిమరలు పక్షుల్ని చంపుతాయంటారు. మీరు దాచకుండా చెప్పండి.
– ఒక పక్షి ప్రేమికురాలు

జవాబు: చంపుతాయి. నేను చూశాను. అన్నిటికన్నా ముఖ్యం కట్టే చోటు. గద్దలు తిరిగే లోయ అంచున, వలస దారిలో కట్టకూడదు. కట్టాక చేయగలిగేది తక్కువే అయినా కొంత ఉంది. నార్వేలో స్మోలా ద్వీపంలో నాలుగు మరలకు ఒక్కో రెక్కకు నల్లరంగు వేసి చూస్తే పక్షుల చావులు డెబ్బై శాతం పైగా తగ్గాయి. నాలుగు మరలతోనే చేసిన ప్రయోగం, ఇంకా చాలాచోట్ల చేసి చూడాలి.

మీరు అడగలేదు గానీ గబ్బిలాల సంగతి కూడా చెప్పాలి. ఒక పొద్దున మూడో నంబరు కింద మెట్ల పక్కన ఒకటి కనిపించింది. ఒక రెక్క పూర్తిగా విచ్చుకుని ఉంది. ఆ రెక్క వేళ్ల ఎముకలు, వాటి మధ్య పలచటి తోలు చూస్తే, నేను రోజూ చూసే 40 మీటర్ల రెక్కకన్నా దాని పనితనమే ఎక్కువ అనిపించింది. వారంలో ఇంకో రెండు దొరికాయి. తేదీలు, గాలి అంకెలు తిరగేశాను. మూడూ గాలి పలచగా ఉన్న వెచ్చటి రాత్రులే. గబ్బిలాలు గాలి తక్కువున్నప్పుడే ఎక్కువగా ఎగురుతాయి. మరల దగ్గర వాటిని లెక్కపెట్టినవాళ్లు ఎక్కడ చూసినా ఇదే చెప్పారు.

మాస్టారికి రాసిన లెక్క ఇక్కడ మేలు చేస్తుంది. పలచటి గాలిలో వచ్చే కరెంటు చాలా తక్కువ కదా. ఆ కాలంలో రాత్రిళ్లు గాలి సెకనుకు 5 మీటర్లో 6 మీటర్లో దాటేదాకా మరను తిప్పకుండా ఉంచితే, పోయేది సాధారణంగా ఏడాది ఉత్పత్తిలో ఒక శాతం అటూఇటూ. గబ్బిలాల చావులు సగానికి పైగా తగ్గినట్టు చాలాచోట్ల చూశారు. పై అధికారులకు అంకెలతో సహా రాశాను. రెండు ఉత్తరాల తర్వాత ఒప్పుకున్నారు. ఆ ఏడు నుంచి వెచ్చటి రాత్రుల్లో, చిన్న గాలి వీస్తుండగానే, మా ఆరు మరలూ రెక్కలు పక్కకు తిప్పుకుని ఆగి ఉండేవి. గట్టు కింద దారిన పోయేవాళ్లు చాలామంది ఫోన్ చేసి, మీ మరలు చెడిపోయాయి చూసుకోండి అని చెప్పేవారు.